కంచం నిండితేనే.. కణం కదిలేది!

ఇంట్లో ఒకరికి టీబీ అని తేలగానే మిగతావాళ్లకు వచ్చే మొదటి సందేహం ‘మాకూ అంటుకుంటుందా?’ అనే. వెంటనే కంచం, గ్లాసు వేరు చేస్తారు. ఇమ్యూనిటీ పెంచుతుందంటూ ఏదో పొడి డబ్బా కొంటారు. నిజానికి టీబీ కంచాలతో, గ్లాసులతో అంటుకోదు. దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే సన్నటి తుంపర్లతో వ్యాపిస్తుంది. క్రిమి లోపలికి వెళ్లినంత మాత్రాన అందరికీ జబ్బు రాదు. చాలామందిలో రోగనిరోధక కణాలు దాన్ని ఏళ్ల తరబడి కట్టడి చేసి ఉంచుతాయి. అందుకు వాటికి రెండు కావాలి. ఒకటి కబురు, రెండోది ఇంధనం.

రెండు తాళంచెవులు

రక్తంలో తిరిగే టి-కణాలు మామూలు సమయంలో చాలా పొదుపుగా బతుకుతాయి. సిమ్‌లో పెట్టిన పొయ్యి లాంటివన్నమాట. మరో కణం క్రిమి ముక్కను తెచ్చి చూపించినప్పుడే మేల్కొంటాయి. అదొక్కటే చాలదు. ‘ఇది నిజంగా ప్రమాదమే’ అని చెప్పే రెండో సంకేతం కూడా అందాలి. బ్యాంకు లాకరుకు రెండు తాళంచెవులు కావాల్సినట్టే.

రెండూ అందితే కణం లోపల ‘ఎంటార్’ అనే ప్రొటీన్ చురుగ్గా మారి మంట పెంచుతుంది. కణం పైపొర మీద గ్లూకోజు తలుపులు ఎక్కువవుతాయి. కణం దాన్ని గబగబా వాడుకుంటూ శక్తినీ, కొత్త కణాలకు కావాల్సిన ముడిసరుకునూ తయారుచేసుకుంటుంది. కొద్ది రోజుల్లోనే ఒక్క కణం వేల కణాలవుతుంది. ఇవి ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని వదులుతాయి. ఊపిరితిత్తుల్లో టీబీ క్రిమిని మింగి కూర్చున్న మాక్రోఫేజ్ కణాలకు అదే కబురు. అది అందాకే అవి గట్టిగా పోరాడతాయి.

ఇంధనం లేకపోతే..

కణంలో శక్తి తగ్గితే ‘ఏఎంపీకే’ అనే మరో ప్రొటీన్ ఎంటార్‌కు కళ్లెం వేస్తుంది. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ ‘నిల్వలున్నాయి, ఖర్చు పెట్టొచ్చు’ అని టి-కణాలకు చెబుతుంది. సరైన తిండి లేక ఒళ్లు చిక్కిపోతే లెప్టిన్ పడిపోతుంది. అప్పుడు క్రిమి కబురు అందినా టి-కణాలు గ్లూకోజును సరిగా తీసుకోలేవు. అణగి ఉన్న టీబీ తలెత్తేది ఇలాంటప్పుడే.

అలాగని చక్కెర పెరిగితే బలం పెరగదు. అదుపులో లేని మధుమేహంలో ఈ కణాల పనితీరు గాడి తప్పుతుంది. మధుమేహులకు టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ.

జార్ఖండ్ చెప్పిన పాఠం

జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలపై జరిగిన రేషన్స్ అధ్యయన ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొన్ని ఇళ్లలో రోగితో పాటు కుటుంబసభ్యులకూ తలకు నెలకు 5 కిలోల బియ్యం, 1.5 కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. రోగికి మాత్రమే ఆహారం ఇచ్చిన ఇళ్లతో పోలిస్తే ఆ కుటుంబసభ్యుల్లో కొత్తగా టీబీ బారినపడటం 39 శాతం తగ్గింది. అదంతా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు కలిసి చేసిన మేలే.

మీరేం చేయాలి?

* ఇంట్లో టీబీ ఉంటే అందరూ పరీక్ష చేయించుకోండి. జబ్బు లేదని తేలినవారు నివారణ మాత్రల గురించి అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.
* పథ్యం పేరుతో రోగికి గుడ్డు, పెరుగు, పప్పు మాన్పించొద్దు. పాలు, పల్లీలు, చేపలు, మాంసం.. అలవాటున్నవేవైనా పెట్టండి.
* నెలకోసారి అందరి బరువూ చూడండి. ముఖ్యంగా అరకొరగా తినే పెద్దవాళ్లది, సన్నబడాలని భోజనం మానేసే పిల్లలది. బీఎంఐ 18.5 కన్నా తగ్గిన వయోజనులను, బరువు తగ్గుతున్న పిల్లలను డాక్టరుకు చూపించండి.
* రోగికి చక్కెర పరీక్ష తప్పనిసరి. టీబీ మందు రిఫాంపిసిన్ కొన్ని మధుమేహ మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పండి.
* నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో రోగికి నెలకు రూ.1000 అందుతుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికో, డ్రైవరుకో టీబీ ఉంటే ఈ సంగతి చెప్పండి. పని మాన్పిస్తే ముందు దెబ్బతినేది వాళ్ల కంచమే.

రెండు వారాలు దాటిన దగ్గును మాత్రం ఏ పొడితోనూ నెట్టుకురావొద్దు. కఫం పరీక్ష చేయించుకోండి.