కేకు మీది కాగితం

తిరుమలగిరిలో ఒక అఖీఖా విందుకు వెళ్ళినప్పుడు, కేకు మీద బంగారు రంగు అక్షరాలతో అల్లాహ్ నామం ముద్రించి ఉండటం చూశాము. కత్తి చేతికివ్వగానే ఇంటి పెద్దావిడ వెనక్కి తగ్గారు. "ఆ నామం మీద కత్తి ఎలా పెట్టమంటావు బేటీ?" అన్నారు. చివరకు ఆ పొరను క్రీముతో సహా చెంచాతో తీసి, ఒక్క తునక కూడా కింద పడనీయకుండా అందరూ పంచుకుని తిన్నారు. కేకు చేసిచ్చిన సోదరి చాలాసేపు తలెత్తలేదు. ఆమె తప్పేముంది? అడిగినదే చేసి ఇచ్చింది.

ఆ తరువాత ఆమె వద్దనే ఈ కాగితాల సంగతి వివరంగా తెలుసుకున్నాము. తినే కాగితం మనకు కొత్తదేమీ కాదు. బియ్యపు పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండపై పరచి తీసే ఆత్రేయపురం పూతరేకు అటువంటిదే. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కేకుల వారు వాడే వేఫర్ కాగితం దానికి దగ్గరి చుట్టమే. పిండిపదార్థం, నీరు, కొద్దిగా నూనె. పలుచగా, పెళుసుగా ఉంటుంది. పువ్వులకు, సీతాకోకచిలుకలకు ఇదే తగినది. అయితే తడి క్రీము మీద పరిస్తే ముడుచుకుని కరిగిపోతుంది.

ఐసింగ్ షీటు వేరు. పిండిపదార్థానికి చక్కెర, గ్లిజరిన్ వంటివి చేర్చి, ప్లాస్టిక్ పొర మీద పరచి అమ్ముతారు. అక్షరాలు స్పష్టంగా పడతాయి, క్రీములో కలిసిపోతుంది. ఏ-4 షీటు వెడల్పు 21 సెంటీమీటర్లు. ఎనిమిది అంగుళాల కేకుకు సరిపోతుంది. కవరు తెరిచి ఉంచితే ఎండి విరుగుతుంది. వానాకాలంలో ఫ్రిజ్ నుండి తీసిన కేకుకు చెమ్మ పట్టి రంగులు పారుతాయి కనుక, వడ్డనకు కొద్ది ముందుగా అతికించటమే మేలు.

ఇక అసలు సందేహం హలాల్ గురించి. కొన్ని షీట్లలో జెలటిన్ ఉండవచ్చు. గ్లిజరిన్ మొక్కల నుండీ రావచ్చు, జంతువుల కొవ్వు నుండీ రావచ్చు. ఎరుపు సిరాలో ఐఎన్ఎస్ 120 అని ఉంటే అది కొచినీల్ అనే పురుగుల నుండి తీసిన రంగు. ప్యాకెట్టు మీద ఆకుపచ్చ గుర్తు ఉంటే ఈ భయాలు చాలామటుకు తీరినట్లే. కాని ఆ గుర్తు మద్యసారం గురించి ఏమీ చెప్పదు. సిరాల్లోనూ, మెరుపు పొడి కలిపే ద్రవాల్లోనూ అది ఉండవచ్చు కనుక పదార్థాల పట్టిక చదవక తప్పదు. దుకాణదారులు విడిగా తెల్ల కవర్లలో కట్టి ఇచ్చే షీట్లపై గుర్తూ ఉండదు, పట్టికా ఉండదు. అవి ఎంత చవకైనా మేము కొనము.

పిల్లలున్న ఇళ్ళు మరొకటి గమనించాలి. 'విషరహితం' అన్నంత మాత్రాన తినదగినదని కాదు. తళుకు కాగితాలు కొన్ని కేవలం అలంకారానికే. అలాగే మామూలు సిరా ఒక్కసారి నింపిన ప్రింటరు, ఎంత కడిగినా తినే కాగితానికి పనికిరాదు. ముద్రణ బయట చేయించేవారు ఈ ప్రశ్న తప్పక అడగాలి.

ఆ సోదరి ఇప్పుడు దైవనామాలు, ఆయతులు కేకు మీద ముద్రించటం లేదు. ఎవరైనా అడిగితే శిశువు పేరు, పూలతీగ చాలునని చెబుతున్నారు. షీటు ప్యాకెట్టు వెనుక వైపు ఫోటో తీసి, కేకుతో పాటు దానినీ పంపుతున్నారు.