భీతివ్యాధి నుండి కోలుకొనుచు తిరిగి పనిలో చేరుట

ఒక కార్యాలయమున పదేండ్లుగా పనిచేయుచున్న గుమాస్తా యొకడు గలడనుకొనుడు. అతని పనిలో ఎన్నడును లోపము కన్పట్టలేదు. ఒకనాటి ఉదయము క్రిక్కిరిసిన బస్సులో కార్యాలయమునకు పోవుచుండగా, ఏ కారణమును లేకయే అతని గుండె దడదడ కొట్టుకొనసాగినది. ముచ్చెమటలు పోసినవి; ఊపిరాడలేదు; చేతులు తిమ్మిరెక్కినవి. ప్రాణము పోవుచున్నదని అతడు నిశ్చయించుకొనెను. తోటి ప్రయాణికులు అతనిని ఆసుపత్రికి చేర్చిరి. వైద్యులు గుండెను, నెత్తురును పరీక్షించి, లోపమేమియు లేదని చెప్పి పంపివేసిరి. వారము తిరుగకమునుపే అట్టి బాధయే అధికారి గదిలో మరల కలిగినది. నాటినుండి అతనికి బస్సన్న భయము, అధికారి గదియన్న భయము. అన్నిటికంటె మిన్నగా, ఆ బాధ మరల వచ్చునేమో యన్న భయము. రెండు దినముల సెలవు రెండు నెలలైనది. జీతము తగ్గినది. మనిషి చక్కగనే యున్నాడు, పనికి మాత్రము పోడని ఇరుగుపొరుగువారు చెప్పుకొనసాగిరి.

ఇట్టివారు అరుదు కారు. ఇది సోమరితనము కాదు, పిరికితనమును కాదు. ఇది పేరుగల వ్యాధి. దీనికి చికిత్స కలదు. చికిత్స పొందుచునే తిరిగి పనిచేయుట పెక్కుమందికి సాధ్యము.

వ్యాధి స్వరూపము

ఈ విధముగ పలుమారులు హఠాత్తుగా పైబడు భీతిని వైద్యులు పానిక్ డిజార్డర్ అందురు. దీనిని పోలిన గుండెదడను 1871లో జేకబ్ డకోస్టా అను అమెరికా వైద్యుడు, ఆ దేశపు అంతర్యుద్ధ సైనికులయందు గమనించి వివరించెను. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన వర్గీకరణమున ఈ వ్యాధికి ప్రత్యేక స్థానమిచ్చినది.

అపాయము కలిగినపుడు పోరాడుటకో పరుగెత్తుటకో దేహమును సిద్ధపరచు ఏర్పాటు ప్రతి మనిషియందును కలదు. పులి యెదురైనపుడు గుండె వేగముగ కొట్టుకొనుట మేలే. ఈ వ్యాధియందు పులి లేకయే ఆ ఏర్పాటు మేల్కొనును. ఊపిరి వడివడిగా తీయుటచే నెత్తురులో బొగ్గుపులుసు వాయువు తగ్గును. అందుచే తల తిరుగును, వ్రేళ్ళు తిమ్మిరెక్కును. ఆ లక్షణములను చూచి రోగి మరింత భయపడును. భయముచే లక్షణములు మరింత హెచ్చును. అయినను ఈ బాధ సాధారణముగా పది నిముషములలో హెచ్చుస్థితికి వచ్చి, పిదప తనంతట తానే తగ్గును. కాని ఛాతీనొప్పియు ఆయాసమును తొలిసారి కలిగినపుడు, అది భీతియేయని ఎవరును తమంతట తాము నిర్ణయించుకొనరాదు. గుండెజబ్బు, థైరాయిడ్ గ్రంథి దోషము మున్నగునవి కావని వైద్యుడే తేల్చవలెను.

సాంఘిక భీతి దీనికి తోబుట్టువు వంటిది. పదిమంది తన్ను చూచుచున్నారు, తప్పు పట్టుదురు, నవ్వుదురు అను జంకు ఇందు ప్రధానము. ఒకరు చూచుచుండగా సంతకము చేయుటకు చేయి వణకును. సమావేశమున నోరు పెగలదు. తోటివారితో కూర్చుండి భోజనము చేయుటయు కష్టమగును. ఈ రెండు వ్యాధులును ఒకరియందే కలిసియుండవచ్చును.

ఇంటనే యుండుటవలని నష్టము

బస్సు దిగి ఇంటికి మరలిన వెంటనే రోగికి హాయి కలుగును. ఆ హాయియే చిక్కు తెచ్చును. బస్సు అపాయకరమనియు, దిగుటచేతనే ప్రాణము దక్కెననియు మనస్సు నేర్చుకొనును. మరునాడు బస్సెక్కుట మరింత కష్టమగును. తీవ్రదశలో కొలది దినముల విశ్రాంతి అవసరము కావచ్చును. హద్దులేని సెలవు మాత్రము భయమునకు ఎరువు.

చికిత్స

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అను మాటలద్వారా చేయు చికిత్స రెండు వ్యాధులకును గుణమిచ్చును. భయపెట్టు తలంపులను పరిశీలించుట, భయపెట్టు తావులకు మెల్లమెల్లగా అలవాటుపడుట ఇందలి ముఖ్యాంశములు. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులను వైద్యుడు వ్రాయవచ్చును. వాటి గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును, తొందరపడి మానివేయరాదు. ఆల్ప్రజోలామ్ వంటి మందులు వెంటనే ఉపశమనమిచ్చినను అలవాటుగా మారు ప్రమాదము కలదు గనుక, వైద్యుని సలహా లేక వాడరాదు, హఠాత్తుగా మానరాదు. భయము పోగొట్టుకొనుటకై మద్యము నాశ్రయించుట వ్యాధిని ముదురజేయును.

మెట్టు మెట్టుగా

సెలవు ముగియుటకు ముందే అభ్యాసము ప్రారంభింపవలెను. మొదట ఇంటివారి తోడుతో కార్యాలయపు వాకిలివరకు బస్సులో పోయి రావలెను. పిదప ఒంటరిగా పోవలెను. ఆ పిమ్మట ఒక సహోద్యోగిని కలిసి కొంతసేపు మాటలాడి రావలెను. అధికారి అంగీకరించినచో మొదటి వారములు పూటపనితో ఆరంభించి క్రమముగా పూర్తి వేళలకు రావచ్చును. ఒక మెట్టున భయము తగ్గినపిదపనే తరువాతి మెట్టు.

కుర్చీలో కూర్చుండగా బాధ కలిగినచో పారిపోరాదు. శ్వాసను మెల్లగా, నిదానముగా విడువవలెను. ఇది భీతి, కొలది నిముషములలో తగ్గునని తనకు తాను చెప్పుకొనవలెను. తగ్గినపిదప విడిచిన కాగితమునే మరల చేతబట్టవలెను. కాఫీ, టీలు కొందరిలో దడను హెచ్చించును గనుక తగ్గించుట మంచిది.

అధికారులు, సహోద్యోగులు

రోగి తన వ్యాధి వివరములన్నియు అందరికిని చెప్పనక్కరలేదు. తనకు కావలసిన సౌకర్యమేమో అధికారికి చెప్పిన చాలును. ధైర్యముగ నుండుమని మందలించుట, పరిహసించుట ఉపకరింపవు. చేయదగిన పని నప్పగించి, బాధ కలిగినపుడు గుమిగూడక కొలది నిముషములు విడిచిపెట్టుటయే నిజమైన సాయము.

హక్కులు, సహాయము

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రభుత్వము నడుపు లేక ప్రభుత్వ నిధులతో నడచు సేవలనుండి చికిత్స పొందు హక్కును, వ్యాధి వివరములు గోప్యముగా నుండు హక్కును ప్రసాదించినది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము 1996లో ప్రారంభమైనది. జిల్లా ఆసుపత్రిలో విచారించినచో మానసిక వైద్యుని వివరము తెలియును. 2022 అక్టోబరు 10న ఆరంభింపబడిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఏ వేళనైనను ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును.

తిరిగి చేరిన గుమాస్తాకు ఒకనాడు బస్సులో మరల గుండెదడ రావచ్చును. అది ఓటమి కాదు, చికిత్స వ్యర్థమైనదనియు కాదు. అతడు దిగక కూర్చుండి, తన తావున దిగి, హాజరుపట్టీలో సంతకము చేసినచో, ఆనాటి చికిత్స సఫలమైనట్లే.