కృష్ణా డెల్టా చెరువుల్లో అమోనియా సమతాస్థితి: ఉష్ణోగ్రతా ప్రభావం నుంచి చర్యా ఎంథాల్పీ గణన

కీలకపదాలు: సమతాస్థితి స్థిరాంకం, ఎంథాల్పీ, వాంట్ హాఫ్ సమీకరణం, అమోనియా, ఆక్వా సాగు.

1. ఉపోద్ఘాతం

ముదినేపల్లి, కైకలూరు ప్రాంతాల నుంచి కొల్లేరు అంచుల వరకు వరిచేలతోపాటు చేపల, రొయ్యల చెరువులు విస్తరించి ఉన్నాయి. మేత అవశేషాల వలన, జీవుల విసర్జనల వలన ఈ నీటిలో అమోనియా చేరుతుంది. అది అమోనియం అయానుగాను, స్వేచ్ఛా అమోనియాగాను రెండు రూపాల్లో ఉంటుంది. మొప్పల గుండా సులువుగా చొచ్చుకుపోయి ప్రధానంగా హాని చేసేది రెండవ రూపం. సాధారణ నీటి పరీక్ష ఈ రెంటి మొత్తాన్నే తెలుపుతుంది. అందులో విషభాగాన్ని పీహెచ్‌తో కలిసి నిర్ణయించేది అమోనియం అయాను వియోజన స్థిరాంకం. ఆ స్థిరాంకం వేడికి ఎంతగా మారుతుందో తెలిపేది చర్యా ఎంథాల్పీ.

2. సైద్ధాంతిక ఆధారం

రసాయనశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతిని 1901లో పొందిన డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్ పేరిట ఈ సంబంధం ప్రసిద్ధం. స్థిరాంకపు సహజ సంవర్గమానాన్ని నిలువు అక్షంపైన, కెల్విన్ ఉష్ణోగ్రత విలోమాన్ని అడ్డ అక్షంపైన గుర్తిస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలును వాయు స్థిరాంకంతో గుణించి గుర్తు మార్చితే ఎంథాల్పీ లభిస్తుంది. ఆ ఉష్ణోగ్రతా పరిధిలో ఎంథాల్పీ మారదన్నది ఇందులోని ఊహ.

3. గణన

1975లో ఎమర్సన్ బృందం ప్రకటించిన సూత్రం ప్రకారం మంచినీటిలో ఈ స్థిరాంకం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 5.67 × 10⁻¹⁰, 35 డిగ్రీల వద్ద 1.124 × 10⁻⁹. వీటి నిష్పత్తి 1.98, దాని సహజ సంవర్గమానం 0.684. 298.15, 308.15 కెల్విన్‌ల విలోమాల భేదం 1.088 × 10⁻⁴. కనుక ఎంథాల్పీ = 8.314 × 0.684 ÷ (1.088 × 10⁻⁴), అనగా మోల్‌కు సుమారు 52 కిలోజౌళ్లు. విలువ ధనాత్మకం కావడం వలన వియోజనం ఉష్ణగ్రాహకం. వేడి పెరిగితే సమతాస్థితి స్వేచ్ఛా అమోనియా వైపు జరుగుతుంది. అయితే పై రెండు విలువలూ ఒకే సూత్రం నుంచి వచ్చినవి. కనుక ఈ గణన ఆ సూత్రపు వాలును తిరిగి రాబట్టడమే తప్ప స్వతంత్ర నిర్ధారణ కాదు.

4. ప్రయోగశాలలో జాగ్రత్తలు

రెండు బిందువులపై ఆధారపడితే చిన్న దోషమూ పెద్దదవుతుంది. పై 10 డిగ్రీల పరిధిలో స్థిరాంకపు దశాంశ సంవర్గమానాల భేదం 0.297 మాత్రమే. ఆ భేదంలో 0.02 పొరపాటు ఎంథాల్పీని దాదాపు 3.5 కిలోజౌళ్లు తప్పిస్తుంది. పరిధిని 30 డిగ్రీలకు విస్తరిస్తే అంతే పొరపాటు ప్రభావం సుమారు మూడవ వంతుకు తగ్గుతుంది. అందువల్ల విస్తృత పరిధిలో అయిదారు కొలతలు తీసి రేఖను నిర్ణయించడం మేలు. పీహెచ్ ఎలక్ట్రోడును ప్రతి ఉష్ణోగ్రత వద్దా అదే ఉష్ణోగ్రతలోని బఫరుతో సరిచూడాలి. ఉప్పునీటి చెరువుల విషయంలో అయానిక బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. ముగింపు

పీహెచ్ 8 వద్ద మొత్తం అమోనియాలో స్వేచ్ఛా రూపం 25 డిగ్రీల వద్ద 5.4 శాతం, 35 డిగ్రీల వద్ద 10.1 శాతం. పరీక్షలో అదే అంకె కనిపించినా విషభాగం దాదాపు రెట్టింపయిందన్నమాట. పైగా ఎండవేళ శైవలాల కిరణజన్య సంయోగక్రియ నీటిలోని కార్బన్ డయాక్సైడును తీసివేసి పీహెచ్‌ను కూడా పెంచుతుంది. కనుక తెల్లవారుజామున తీసిన ఒక్క కొలతతో వేసవి మధ్యాహ్నపు ప్రమాదాన్ని అంచనా వేయడం సరికాదు. మొత్తం అమోనియాతోపాటు ఉష్ణోగ్రత, పీహెచ్ విలువలను కూడా అదే వేళ నమోదు చేసినప్పుడే ఆ అంకెకు అర్థముంటుంది.