పాత యింటికి హెంపుగోడల గది

ఇల్లు కట్టుట ఒక యెత్తు, కట్టిన యింటికి గది చేర్చుట ఒక యెత్తు. క్రొత్తగా కట్టునపుడు గృహస్థు తన యిచ్చవచ్చిన సామగ్రిని ఏరుకొనవచ్చును. కాని నూరేండ్లుగా నిలిచియున్న గోడ ప్రక్కన మరియొక గోడ లేపునపుడు, ఆ పాతగోడ స్వభావమెట్టిది, అది తేమను ఎట్లు గ్రహించి ఎట్లు విడుచుచున్నది, దాని యిటుకల నడుమనున్నది సున్నమా సిమెంటా అని విచారింపక పని మొదలిడినచో, కొన్నియేండ్లకు రెండుగోడలు కలిసిన మూలనే చెమ్మపట్టి గిలాబు ఉబ్బి రాలు ప్రమాదము కలదు.

ఇంగ్లండులోని పాతయిండ్లు ఈ విషయమునకు మంచి ఉదాహరణములు. 1919కి పూర్వము అక్కడ కట్టిన యిండ్లలో పెక్కింటివి తొమ్మిదంగుళముల నిండు ఇటుకగోడలు. ఇటుకల నడుమ సున్నము. వాన కురిసినపుడు ఆ గోడలు కొంత నీటిని త్రాగును, గాలి వీచినపుడు దానిని తిరిగి విడుచును. ఈ రాకపోకలకు అడ్డులేనంత కాలము ఇల్లు క్షేమముగా ఉండును. సంసారము పెరిగి, పెరటివైపు వంటగదియో భోజనశాలయో చేర్చుకొనదలచిన గృహస్థు సిమెంటు దిమ్మెలను, ప్లాస్టిక్ నురుగుపలకలను, తేమ చొరనీయని పొరలను వాడినపుడు, క్రొత్తగది తనంతట తాను చక్కగనే యుండవచ్చును గాని, దాని నానుకొనియున్న పాతగోడ తేమను విడుచు త్రోవ మూసికొనిపోవచ్చును. ఇట్టి చోట, పాతగోడవలెనే సున్నము నాధారముగాగొని, దానివలెనే తేమను గ్రహించి విడువగలిగిన హెంప్‌క్రీట్ అను పదార్థము కొన్ని దశాబ్దములుగా ఐరోపాలో ఆదరణ పొందుచున్నది.

హెంపు గంజాయి జాతి మొక్కయే. అయినను మత్తు కలిగించు టి.హెచ్.సి. అను ద్రవ్యము 0.2 లేక 0.3 శాతమునకు మించని వంగడములను మాత్రమే నారకును విత్తులకును ప్రభుత్వానుమతితో సాగుచేయుదురు. బ్రిటనులో ఇట్టి సాగుకు 1993 నుండి లైసెన్సు లభించుచున్నది. కాండముపైని నారను తీసిన పిమ్మట మిగులు లోపలిపుల్ల, ఉత్తరాంధ్రలో గోగునార ఒలిచిన పిదప మిగులు గోగుపుల్లవలె తేలికగా, తెల్లగా, బెండువలె గుల్లగా ఉండును. దానిని యంత్రముతో చిన్నచిన్న పలుకులుగా నరికి, దుమ్ము జల్లించి, సున్నముతోను నీటితోను కలిపినచో హెంప్‌క్రీట్ సిద్ధమగును. ఆ సున్నము వట్టిసున్నము కాదు. వట్టిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టిపడుటకు చాలకాలము పట్టును గనుక, నీటితోనే త్వరగా బిగియు హైడ్రాలిక్ సున్నమునో, పొజోలానా వంటి ద్రవ్యమునో దానిలో చేర్చుదురు.

ఈ పద్ధతి ఫ్రాన్సున పుట్టినది. 1986 ప్రాంతమున నోజోఁ-సుర్-సేన్ పట్టణములో ‘మేజోఁ ద లా తుర్క్’ అను పాత చెక్కచట్రపు భవనమును బాగుచేయునపుడు, చట్రపు గడులను నింపుటకు షార్ల్ రాసెత్తి అను నతడు హెంపు పలుకులను వాడెను. పాతకట్టడమునకు హాని చేయని పూరకము కావలసివచ్చినందుననే ఈ పదార్థము పుట్టినదన్నమాట. పాతయింటికి చేర్చు గదికి అది నప్పుటలో వింతలేదు. తరువాత 2001లో ఇంగ్లండునందలి సఫోక్ మండలమున, హేవర్‌హిల్ పట్టణములో, ఒక గృహనిర్మాణ సంఘము ఇటుకయిండ్ల సరసనే రెండు హెంపుయిండ్లను కట్టించి, రెండు విధములను పోల్చిచూడవలసినదిగా భవన పరిశోధనా సంస్థను కోరెను. హెంపుయిండ్లలో గోడలపై నీరు చెమర్చుట తక్కువగానున్నదనియు, ఇల్లు వెచ్చబరచుటకైన ఇంధనము ఇటుకయిండ్లకన్న మించలేదనియు, నిర్మాణవ్యయము మాత్రము అధికమేననియు ఆ పరిశీలనలో తేలినది.

పేరులో కాంక్రీటు ఛాయ యున్నను, బలములో ఈ రెంటికి పోలిక లేదు. సాధారణ కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 2,400 కిలోలు తూగగా, గోడకు వాడు హెంప్‌క్రీట్ 300, 350 కిలోలకు అటునిటుగా తూగును. ఆ తేలికదనమునకు మూలము పలుకులలోను పలుకుల నడుమను చిక్కుకొనియున్న గాలి; వేడి ఇటుకలో పారునంతలో ఇందులో పదియవవంతు మాత్రమే పారుటకును ఆ గాలియే కారణము. అయితే గాలితో నిండిన గోడ కప్పును మోయజాలదు. బరువు మోయు పని చెక్కచట్రమునకు విడిచి, వేడిని తేమను నియమించు పని హెంప్‌క్రీట్‌కు అప్పగించుటయే ఈ నిర్మాణపు మూలసూత్రము. నిలువుకొయ్యలు గోడమందములో మునిగియుండును. చుట్టునున్న సున్నము వాటిని పొడిగా ఉంచి, చివుకకుండ కాపాడును.

పనిలో వరుస ముఖ్యము. పునాదియు పీఠభాగమును తడికి తట్టుకొను వేరు సామగ్రితో కట్టి, గోడ మొదలు నేలనుండి కనీసము జానెడెత్తున ఉండునట్లు చూచి, చట్రము నిలిపి, గోడకంటె ముందుగా కప్పు వేయుదురు. తడిగోడపై వాన పడరాదు గదా! చూరు సైతము ధారాళముగా ముందుకు పొడిగింపవలెను. పాతగోడపై ఇటీవల ఎవరైనను సిమెంటు గిలాబు చేసియుండినచో, క్రొత్తగోడ తాకుచోట దానిని చెక్కివేసి, ఇటుక కనబడునట్లు చేసి, దాని కొక నిలువుకొయ్యను బిగించి, హెంప్‌క్రీట్ ఆ కొయ్యను కరచుకొని నిలుచునట్లు ఏర్పాటు చేయుదురు.

కలుపుటలోనే నేర్పరితనము తెలియును. పలుకులు నీటి నమితముగా పీల్చును. నీరు చాలనిచో సున్నము సరిగా బిగియక పొడిపొడిగా రాలును, ఎక్కువైనచో గోడ నెలల తరబడి ఆరదు. అందువలన పనివాడు మిశ్రమమును గుప్పెడు తీసి పిడికిట బిగించి చూచును: అది ముద్దగా నిలువవలెను, బొటనవ్రేలితో నొక్కగనే విడిపోవలెను, వ్రేళ్ళసందులనుండి నీరు కారినచో ఆ విడత చెడినట్లే. సున్నము కంటిలో పడినను, చర్మమున కంటినను పొక్కించును గనుక చేతితొడుగులు, కండ్లద్దములు లేనిదే ఎవ్వరును దగ్గరకు రారాదు. చట్రమున కిరువైపుల పలకలు బిగించి, మిశ్రమమును జానెడేసి పొరలుగా పోసి, అంచులయందు కొంచెము గట్టిగను, నడుమ మెల్లగను అదుముదురు. కాంక్రీటు పనికి అలవాటుపడిన మేస్త్రీ దీనిని బలముకొలది దిమ్మిసతో కొట్టినచో, లోపలి గాలి పోయి, గోడ బరువెక్కి, దాని గుణమే నశించును. మరునాటికి పలకలు విప్పవచ్చును. అప్పుడు గోడముఖము నునుపుగా ఉండదు, సున్నపుపూత పట్టిన పలుకులు ఒక్కొక్కటి విడివిడిగా కనబడును, ఆ గరుకుదనమే పిమ్మట గిలాబుకు పట్టు నిచ్చును.

ఇక ఓపిక పట్టవలసిన ఘట్టము వచ్చును. గిలాబు చేయుటకు ముందు గోడ ఆరుటకు తక్కువలో తక్కువ ఆరెనిమిది వారములు పట్టును. మందమునుబట్టి, ఋతువునుబట్టి ఇంకను ఎక్కువ పట్టవచ్చును. మంచు గడ్డకట్టు చలిలో తడిసున్నము చెడిపోవును గనుక, ఇంగ్లండులో వసంతమున మొదలిడి శరత్తుకు ముందే పోతపని ముగింతురు. అంతకాలము ఆగలేనివారికి ఫ్యాక్టరీలో ముందుగనే ఆరబెట్టిన హెంపుదిమ్మెలు దొరకును; వాటిని ఇటుకలవలెనే పేర్చవచ్చును. గోడ ఏ విధముగా లేచినను, పైన చేయు గిలాబు సున్నముదో మట్టిదో కావలెను. సిమెంటు గిలాబుగాని, ప్లాస్టిక్ రంగుగాని వేసినచో గోడ నోరు మూసినట్లగును, పడిన శ్రమయంతయు వృథాయగును.

ఫలమేమనగా, వంటచేయునపుడును బట్టలారవేయునపుడును గదిలో పుట్టు తేమను గోడ తనలోనికి తీసికొని, గాలి పొడిబారినపుడు తిరిగి ఇచ్చును. ఎండ తీవ్రతయు రాత్రి చలియు లోనికి మెల్లమెల్లగ చేరును. సున్నపుక్షారమువలన బూజు పట్టదు. పర్యావరణపు లెక్కయు చెప్పుకొనదగినది. 30 సెంటీమీటర్ల మందము గల చదరపుమీటరు గోడను గూర్చి బ్రిటనులో ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రకటించిన గణనము ప్రకారము, మొక్క పెరుగుటలోను సున్నము గట్టిపడుటలోను గ్రహింపబడు బొగ్గుపులుసు వాయువు సుమారు 82 కిలోలు కాగా, సున్నము కాల్చుట మొదలగు పనులవలన వెలువడునది సుమారు 46 కిలోలు. కాబట్టి 36 కిలోలు గోడలోనే నిలిచియుండును.

నష్టమును చెప్పక విడువరాదు. నురుగుపలకలతో సమానముగా వేడిని ఆపవలెనన్న హెంపుగోడ మందము ఎక్కువ కావలెను. 35, 40 సెంటీమీటర్ల గోడ చిన్నపెరటిలో చోటును తినివేయును. ఇంగ్లండులో వరుసయిండ్లకును జంటయిండ్లకును వెనుకవైపు మూడుమీటర్లు, విడియిండ్లకు నాలుగుమీటర్లు మించని ఒంటిఅంతస్తు గదికి, మిగిలిన నియమములకు లోబడినచో, ప్రత్యేకమైన ప్లానింగు అనుమతి అక్కరలేదు. అయితే ఆ కొలత వెలుపలి ముఖమువరకు గనుక, గోడమందమంతయు లోపలిగదినుండియే పోవును. నిర్మాణ భద్రతా నియమముల ఆమోదము వేరుగా పొందవలెను. అమెరికాలో 2024 నాటి నివాసగృహముల నమూనా నియమావళికి హెంపు–సున్నపు కట్టడములను గూర్చి ఒక అనుబంధము చేర్చబడినది; అది ఆయా స్థానిక ప్రభుత్వములు స్వీకరించినచోట మాత్రమే చెల్లును గనుక, అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు ఇట్టి గది తలపెట్టినచో మొట్టమొదట స్థానిక భవనాధికారిని అడుగవలెను.

మనదేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము నార, విత్తుల నిమిత్తము ఈ మొక్కను పెంచుటకు ప్రభుత్వములు అనుమతి నొసగవచ్చునని చెప్పుచున్నది. 2018లో ఉత్తరాఖండ్ ఆ త్రోవ తొక్కినది, అక్కడి పౌడీ గఢ్వాల్ కొండలలో హెంపు వసతిగృహ మొకటి లేచినది. మన కట్టడములకు హెంపు పూర్తిగా క్రొత్తదియు కాదు; ఎల్లోరా గుహల మట్టిగిలాబులో హెంపు కలిపియున్నదని పురాతత్త్వ పరిశోధకులు 2016లో ప్రకటించిరి. మన తెలుగునాట సున్నపుపని పరాయివిద్య కాదు. డంగుసున్నము నూరి కట్టిన మిద్దెలు పెక్కు గ్రామములలో నేటికిని నివాసయోగ్యములై యున్నవి. అయినను అనుమతి లేనిదే ఈ మొక్క పెంచుట నేరము. కొండలనుండి పలుకులు తెప్పించిన రవాణావ్యయము మీదపడును. తీరజిల్లాల తేమగాలిలో గోడ ఆరుటకు ఇంకను వ్యవధి కావలెను. కనుక ఈ పదార్థము తెలుగునాట నేడే యింటింటికి వచ్చునని చెప్పుట తొందరపాటు.

దానినుండి నేర్వదగిన నియమము మాత్రము ఎచ్చటనైనను చెల్లును: పాతయింటికి గది చేర్చదలచినవారు ముందుగా పాతగోడను పరీక్షింపవలెను, అది సున్నపుగోడయో మట్టిగోడయో అయినచో, క్రొత్తది హెంపుతో గాకున్నను, ఊపిరాడు సామగ్రితోనే కట్టించి, ఆరుటకు పట్టు కాలమును మేస్త్రీతో ముందే మాటాడుకొని ఒప్పందపత్రములో వ్రాయించుకొనవలెను.