గజదానము: చట్టము ఏమి చెప్పుచున్నది?



ప్రతి సంవత్సరమువలెనే ఈ మాఘమాసమునందును మన ఆలయ మండపములో గజేంద్రమోక్ష ఘట్టముపై అయిదు దినములు ప్రసంగములు జరిగినవి. మూడవనాటి ప్రసంగము ముగిసి తీర్థప్రసాదములు పంచుచుండగా, ఈ ఆలయమునకు చిరకాలముగా కావలసినవారైన ఒక గృహస్థు మా యొద్దకు వచ్చి తమ సంకల్పమును తెలిపిరి. దివంగతురాలైన తమ తల్లిగారి పేరిట స్వామివారికి ఒక ఏనుగును సమర్పింపవలెనని వారి కోరిక. పొరుగు రాష్ట్రములో ఒకరి యొద్ద ఏడెనిమిది సంవత్సరముల ఆడ ఏనుగు పిల్ల ఉన్నదనియు, దానపత్రము వారే వ్రాయించి ఇత్తురనియు చెప్పిరి. "స్వామీ, బ్రహ్మోత్సవములో గజము ముందు నడువగా చూడవలెనని మా అమ్మగారు కడవరకు కోరుకొన్నారు" అని చెప్పునప్పుడు వారి కన్నులు చెమర్చినవి.

మేము ఆ దానమును స్వీకరింపలేమని చెప్పితిమి. వారు నొచ్చుకొనిరి. "గుడి వారు ఏనుగును వద్దన్నారట" అను మాట ఊరిలో పలువిధములుగా వ్యాపించినది. కావున అయిదవనాటి ప్రసంగమున ఈ విషయమై చెప్పిన మాటలను కొంత విస్తరించి ఇచ్చట ముద్రించుచున్నాము.

మొట్టమొదట ఒక సందేహము తీర్చుకొందము. ఏనుగు వేల సంవత్సరములుగా మనుష్యుల చెంత ఉన్నది కదా, అది ఆవువంటి పెంపుడు జంతువు కాదా అని పలువురు అడుగుచుందురు. కాదు. ఆవును, గుఱ్ఱమును మానవుడు తన ముంగిట పుట్టించి, మేలైనవానిని ఏరి, తరతరములుగా పెంచి, వాని స్వభావమునే మార్చినాడు. ఏనుగు విషయములో అట్లు జరుగలేదు. తరము తరువాత తరము అడవినుండి పట్టి తెచ్చి, లొంగదీసి, పనిచేయించుకొన్నారు. మైసూరు ప్రాంతపు అడవులలో 'ఖెడ్డా' అను పద్ధతి ఉండెడిది. గుంపునకు గుంపునే డప్పుల మోతతో, మంటలతో బెదరించి దుంగల ఆవరణలోనికి తోలి బంధించెడివారు. కాకనకోటలో 1971లో జరిగినదే కడపటి ఖెడ్డా. నిన్నమొన్నటి మాట! అందుచేత గొలుసుతో కట్టబడి, నుదుట తిరునామము దిద్దుకొని నిలుచున్న ఏనుగు కూడ చట్టము దృష్టిలో వన్యప్రాణియే.

ఆంగ్లేయుల కాలమున మదరాసు రాజధానిలో 1873లోను, దేశమున ఇతర ప్రాంతములకు 1879లోను ఏనుగుల రక్షణకు చట్టములు వచ్చినవి. లైసెన్సు లేనిదే అడవి ఏనుగును పట్టుట, చంపుట నేరమనిరి. అందులో ఏనుగుపై జాలికంటె ప్రభుత్వ సొత్తును కాపాడుకొనవలెనను ఆలోచనయే హెచ్చని మాకు తోచుచున్నది. స్వతంత్ర భారతమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1977లో ఏనుగును ఆ చట్టము మొదటి షెడ్యూలులో చేర్చిరి. పులికి ఎంత రక్షణయో ఏనుగునకు అంత రక్షణ అన్నమాట. మొదటి షెడ్యూలు జంతువు విషయమై నేరము చేసినవారికి మూడు సంవత్సరములకు తగ్గని, ఏడు సంవత్సరముల వరకు కారాగార శిక్ష కలదు.

మరి బంధనములో ఉన్నవాని మాట ఏమి? ఇచ్చట 40, 42, 43 సెక్షనులను మనము తెలిసికొనవలెను. మొదటి షెడ్యూలులోని జంతువును ఎవరైనను పొందుటకుగాని, స్వీకరించుటకుగాని, తమ అధీనమున ఉంచుకొనుటకుగాని రాష్ట్ర చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెను ముందుగా వ్రాతమూలకముగా అనుమతి ఇయ్యవలెను. 'స్వీకరించుట' అను మాట గమనింపుడు. దానము పట్టినవాడు కూడ ఆ మాటలో చిక్కును. న్యాయముగా ఉంచుకొన్నవారికి ఆ అధికారి యాజమాన్య ధ్రువపత్రము ఇచ్చును. 2003లో జరిగిన సవరణ ప్రకారము, ఆ పత్రము ఇచ్చుటకు పూర్వము ఆ జంతువునకు తగిన వసతి, పోషణ, సంరక్షణ అర్జీదారు కల్పింపగలడా లేదా అని అధికారి విచారింపవలెను. అనగా అది పేరునకు యాజమాన్యమేగాని, నిజమునకు ఒక పూచీకత్తు. దేవాలయ భూములకు ధర్మకర్త ఎట్టివాడో ఏనుగునకు యజమాని అట్టివాడు. అనుభవించు హక్కుకంటె కాపాడు బాధ్యతయే అందు పెద్దది.

ఆ 2003 సవరణయే మఱియొక కట్టడి చేసినది. ధ్రువపత్రము ఉన్నవాడైనను బంధనములోని జంతువును విక్రయింపరాదు. వ్యాపారస్వభావము గల ఏ ప్రతిఫలమునకును చేతులు మార్చరాదు. ఇంతవరకు బాగుగానే ఉన్నది. అమ్మకము నిషిద్ధమైనది, దానము మాత్రము కాలేదు. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. కాగితముపై దానపత్రము, చేతిక్రింద సొమ్ము! భక్తుడు తాను పుణ్యము కొనుచున్నాననుకొనును. అవతలివాడు ఏనుగును అమ్ముచున్నాడు. దేవుని పేరు ఉన్న పత్రమును ప్రశ్నించుటకు సామాన్యముగా ఎవరికిని నోరు రాదు.

అందుకే మేము ఆ గృహస్థును రెండు ప్రశ్నలు అడిగితిమి. ధ్రువపత్రము సంఖ్య, ఏనుగు చర్మము క్రింద అమర్చిన మైక్రోచిప్ సంఖ్య ఏవి అనునది మొదటిది. వారు అచ్చటనే నిలిచి ఫోనులో విచారించిరి. "పత్రము తరువాత వచ్చును" అని బదులు వచ్చినది. రెండవ ప్రశ్న, ఆ పిల్ల తల్లి ఎచ్చట ఉన్నది? దీనికి ఆ వైపునుండి సమాధానమే లేదు.

ఈ రెండవ ప్రశ్న ఎందులకు అడిగితిమో చెప్పవలసియున్నది. బంధనములో ఏనుగులు ఈనుట అరుదు. అందుచేత ప్రైవేటు వ్యక్తి చేతిలో చిన్న ఏనుగు కనబడినప్పుడు అది అడవినుండి దొంగతనముగా వచ్చినదేమో అను అనుమానము రాక తప్పదు. తల్లి గర్భమున ఇంచుమించు ఇరువదిరెండు మాసములు ఉండి పుట్టిన ఏనుగు పిల్ల, తల్లితోబాటు పెత్తల్లుల, పినతల్లుల, అక్కల నడుమ పెరుగును. గుంపునకు పెద్ద ఆడ ఏనుగు నాయకురాలు. ఏ ఎండాకాలమున ఏ వాగులో నీరుండునో ఆమెకు తెలియును. మగపిల్ల యౌవనము రాగానే గుంపును విడిచిపోవును. ఆడపిల్ల సామాన్యముగా బ్రతికినంతకాలము ఆ తల్లి గుంపుతోడనే ఉండును. అవి మన చెవికి అందని మంద్రస్వరముతో క్రోసుల దూరమునుండి ఒకదానినొకటి పలుకరించుకొనునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఏడెనిమిది సంవత్సరముల ఆడపిల్లను ఒంటరిగా తెచ్చి మన గాలిగోపురము ప్రక్కన కట్టివేసినచో మనము దేనినుండి దేనిని వేరుచేసినట్లు?

పెద్ద ఏనుగు దినమునకు సుమారు 150 కిలోల మేత తినును. అడవిలో దినమున ఎక్కువభాగము నడచుచు, మేయుచు గడపును. దాని పాదము చూచుటకు స్తంభమువలె ఉన్నను అడుగుభాగము మెత్తని దిండువంటిది. మట్టిపై నడుచుటకు ఏర్పడినది. బండపఱపుపై, తన మూత్రముతో తడిసిన నేలపై, నెలల తరబడి నిలువబెట్టినచో గోళ్ళు చీలి, పాదములు పుండ్లు పడును. మఱియొకటి. కొన్ని ఏనుగులు నిలుచున్నచోటనే తల ఆడించుచు, ఇటు అటు ఊగుచుండుట మీరు చూచియుందురు. "నాదస్వరమునకు తాళము వేయుచున్నది" అని పిల్లలకు చూపి మురిసిపోవుదుము. మేమును మురిసినవారమే. అది తాళము కాదట. కదలుటకు వీలులేక, తోడు లేక మనస్సు క్రుంగిన ఏనుగు లక్షణమని పశువైద్యులు చెప్పుచున్నారు. ఈ సంగతి తెలిసిన దినమున మాకు చాల సిగ్గు కలిగినది.

"శాస్త్రములలో గజశాలలు లేవా?" అని ఆ గృహస్థు అడిగిరి. ఉన్నవి. కాని శాస్త్రము విధించిన హద్దులు కూడ ఉన్నవి. కౌటిల్యుని అర్థశాస్త్రము చూడుడు. ఏనుగులను యుద్ధసాధనముగా లెక్కించిన గ్రంథమది. అయినను పిల్ల ఏనుగును, వ్యాధిగ్రస్తమును, చూలుతో ఉన్నదానిని, పాలిచ్చుదానిని పట్టరాదని అందు స్పష్టముగా ఉన్నది. గజవనములో ఏనుగును చంపినవానికి మరణదండన విధించినది. గజాయుర్వేదమునకు ఆద్యుడైన పాలకాప్య మహర్షి కథయు ఇట్టిదే. ఆయన ఏనుగుల గుంపుతో అడవిలో సంచరించెడివాడు. అంగరాజైన రోమపాదుడు ఆ గుంపును బంధించి తెప్పింపగా, మహర్షి వెదకుచు వచ్చి, గాయములతో క్రుంగియున్న ఏనుగులకు తన చేతులతో వైద్యము చేసెనట. ఇక మనము అయిదు దినములు విన్న గజేంద్రుడు ఎచ్చటివాడు? త్రికూట పర్వతముపై తన గుంపుతో స్వేచ్ఛగా విహరించినవాడు. అతని కాలు పట్టినది మొసలి. దానినుండి విడిపించుటకే స్వామి సిరికి కూడ చెప్పక పరుగెత్తివచ్చినాడు. మనము గొలుసు వేసి ఆ స్వామికే సమర్పింతుమా?

గురువాయూరు సంగతి ఏమని ఒకరు సభలో అడిగిరి. ఉచితమైన ప్రశ్నయే. అచ్చట ఏనుగులను నడయిరుత్తుట అను ఆచారము ప్రసిద్ధము. నిలంబూరు రాజకుటుంబము 1922లో సమర్పించిన కేశవన్ అను ఏనుగును నేటికిని అచ్చటి భక్తులు తలచుకొందురు. ఆచారమును నిందించుట మా ఉద్దేశము కాదు. ఆలయములలో ఇప్పటికే న్యాయముగా ఉన్న ఏనుగులను చట్టము లాగికొనుట లేదు, బాగుగా చూడుమని అడుగుచున్నది. తమిళనాడు ప్రభుత్వము 2003లో ఆలయపు ఏనుగులకు అడవి చెంత విశ్రాంతి శిబిరములు ఆరంభించుటలోని భావమును ఇదియే. మేము చెప్పునది కొత్తగా మఱియొక పిల్లను తెప్పించుటను గూర్చి మాత్రమే.

బాగుగా చూడనిచో న్యాయస్థానములు ఊరకుండుట లేదు. కొల్హాపూరు జిల్లా జ్యోతిబా ఆలయమునకు 2007లో దానముగా వచ్చిన సుందర్ అను ఏనుగును, అది పడిన బాధలపై వ్యాజ్యములు నడచిన పిదప, 2014లో బెంగుళూరు చెంత బన్నేరుఘట్టకు తరలించిరి. అదియు దానపు ఏనుగే అని గుర్తుంచుకొందము. సర్కసుల విషయము మీలో పెద్దలకు తెలిసియుండును. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహములతో ఆటలాడించుటను కేంద్రప్రభుత్వము 1998లో నిషేధించినది. కేరళ ఉన్నత న్యాయస్థానము 2000లోను, సుప్రీముకోర్టు 2001లోను ఆ నిషేధమును సమర్థించినవి. పిమ్మట సర్కసులనుండి విడుదలైన సింహములలో, పులులలో పెక్కింటికి మన తిరుపతి, విశాఖపట్టణముల జంతుప్రదర్శనశాలలలోనే ఆశ్రయము కల్పించిరి. ఆ పట్టికలో ఏనుగు చేరలేదు.

చట్టము అన్ని విధముల చక్కగా ఉన్నదనుట లేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కొట్టుటను, కడుపునిండ మేత పెట్టకుండుటను, మరీ పొట్టి గొలుసుతో లేక మరీ బరువైన గొలుసుతో చాలసేపు కట్టుటను నేరములనినది. మొదటి తప్పునకు జరిమానా ఎంత? పది రూపాయలనుండి ఏబది రూపాయలు. నేడు ఒక కొబ్బరికాయ వెల! 2014లో సుప్రీముకోర్టు ఎడ్ల విషయమై తీర్పునిచ్చుచు జంతువునకు ఆకలి, భయము, నొప్పి మొదలగువానినుండి విముక్తి ఉండవలెననినది. 2023లో రాజ్యాంగ ధర్మాసనము మాత్రము, జంతువులకు ప్రాథమిక హక్కులున్నవని చెప్పుటకు ఆధారము లేదనినది. అట్లయినచో మిగిలినది మన కర్తవ్యము. ప్రాణులయెడ దయ చూపుట పౌరుని విధి అని రాజ్యాంగము 51ఎ అధికరణములో ఉన్నది.

2022లో చట్టమును మరల సవరించిరి. ధ్రువపత్రము ఉన్నవారు మతసంబంధమైన లేక ఇతర ప్రయోజనములకు ఏనుగును బదలాయించుటకు, తరలించుటకు కేంద్రము విధించు నిబంధనలకు లోబడి వీలు కల్పించిరి. ఆ నిబంధనలు 2024 మార్చిలో వెలువడినవి. యజమాని పోషింపలేకున్నను, క్రొత్తచోట దానికి మేలైన పోషణ లభించునన్నను, లేక చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెను ఆ సందర్భమున ఉచితమని తలచినను బదలాయింపు జరుగవచ్చును. ఏనుగు జన్యువివరములు నమోదై ఉండవలెను, పశువైద్యుని పత్రము ఉండవలెను, ప్రయాణములో మావటి వెంట ఉండవలెను. 'మతసంబంధమైన' అను మాట ఉన్నది కదా, ఇక మనకేమి అడ్డని ఆ గృహస్థునకు ఎవరో చెప్పిరట. ఆ మాట వలన దొంగపిల్ల మంచిపిల్ల కాదు. పత్రము లేనివానికి ఆ వీలు లేనేలేదు.

ఏనుగు లేనిదే ఉత్సవమునకు శోభ లేదనువారికి ఒక వార్త. 2023 ఫిబ్రవరిలో కేరళలో త్రిశూర్ జిల్లా ఇరింజాడప్పిళ్ళి శ్రీకృష్ణాలయమువారు ప్రాణమున్న ఏనుగునకు బదులుగా యంత్రపు ఏనుగును స్వీకరించిరి. మాకు యంత్రములపై అంత మక్కువ లేదు. మనకు పూర్వులు చెక్కించి ఇచ్చిన కొయ్య గజవాహనము ఉండనే ఉన్నది. దాని తొండము చివర పగులు పట్టినది, రంగు వెలిసినది. బాగుచేయింపవలసియున్నది. ఇక నిజమైన ఏనుగులను చూడగోరువారు పలమనేరు, కుప్పము ప్రాంతములవారిని అడుగవచ్చును. తరముల తరబడి కనబడని ఏనుగులు 1980 దశకములో పొరుగు రాష్ట్రముల అడవులనుండి చిత్తూరు జిల్లాకు వచ్చినవి. వానికొఱకు 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. పంటలు పోగొట్టుకొన్న రైతులకు అవి కష్టములే తెచ్చినవి. ఆ సంగతి వేఱొక ప్రసంగమున చెప్పుకొందము.

దానపత్రముతో ఏనుగును ఇచ్చెదమని ఎవరైన మిమ్ములను కలిసినచో ధ్రువపత్రము, మైక్రోచిప్ సంఖ్య అడుగుడు. చూపనిచో సమీపములోని అటవీ శాఖ రేంజి అధికారికి తెలుపుడు. ఆ గృహస్థు ఆ దినము తరువాత ఆలయమునకు రాలేదు. గజవాహనము మరమ్మతు సంగతి వ్రాసి పంపితిమి, బదులు ఇంకను అందలేదు. వారి తల్లిగారి పేరిట ఎన్నో సంవత్సరములుగా జరుగుచున్న శుక్రవారపు అర్చన మాత్రము ఎప్పటివలెనే జరుగుచున్నది.