నెలసరి రోజుల్లో ఈత: ఏ రక్షణ ఎవరికి తగినది?

కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి, విరుదునగర్ ప్రాంతాల అక్కచెల్లెళ్లకూ తల్లులకూ ఉద్దేశించిన ప్రసంగం ఇది. మగవారు విన్నా తప్పేమీ లేదు. ఆడపిల్లను కన్న తండ్రికి కూడా పనికివచ్చే విషయమే.

మనది నల్లరేగడి నేల. ఇక్కడి ఏళ్లలో సంవత్సరం పొడవునా నీరుండదు. ఈత అంటే మనకు తోటబావి, పంపుసెట్టు తొట్టి, వాన పడ్డప్పుడు నిండే కణ్మాయి. ఎనిమిదేళ్ల ఆడపిల్ల నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకుని అన్నతోపాటు బావిలోకి దిగుతుంది. పన్నెండు, పదమూడేళ్లకు పెద్దమనిషి అవుతుంది. ఆనాటినుంచి ముట్టు రోజుల్లో నీళ్ల దగ్గరికి వెళ్లవద్దంటారు. కొన్నాళ్లకు ఆ ఐదు రోజుల మాట పోయి, అసలు ఈతే వద్దంటారు. అన్న మాత్రం ఈదుతూనే ఉంటాడు.

ఇది చిన్న నష్టం కాదు. సగంలో ఆపేసిన ఈత ఆపదలో అక్కరకు రాదు. గుడ్డలుతకడానికి వెళ్లి కణ్మాయి గట్టున కాలు జారినప్పుడు, బిడ్డ తొట్టిలో పడినప్పుడు, కావలసింది ఆ ఈతే. 2021లో ప్రపంచమంతటా సుమారు మూడు లక్షలమంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. కాబట్టి ముట్టు రోజుల్లో ఈదవచ్చా అన్న ప్రశ్నను సిగ్గు పేరుతో పక్కకు నెట్టకుండా, నిదానంగా ఆలోచించి చూద్దాం.

ముందుగా, నీళ్లలో దిగితే ఒంటికి హాని కలుగుతుందా? కలగదు. నెలసరిలో పోయే రక్తం మామూలుగా మొత్తం మీద 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. గర్భసంచి నోరు చాలా సన్నని ద్వారం. యోనిమార్గం గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అందుచేత ఈదేటప్పుడు నీళ్లు గర్భసంచిలోకి పోతాయన్న భయం అక్కరలేదు. చన్నీళ్లు తగిలితే రక్తం గడ్డకట్టి లోపల నిలిచిపోతుందన్న మాట కూడా నిజం కాదు. తేలికపాటి ఈత కొందరికి పొత్తికడుపు నొప్పిని తగ్గిస్తుంది కూడా.

నీళ్లలో ఉన్నంతసేపూ ముట్టు ఆగిపోతుందని కొందరంటారు. ఇందులో సగమే నిజం. చుట్టూ ఉన్న నీటి ఒత్తిడివల్ల రక్తం బయటికి రావడం తగ్గుతుంది. పూర్తిగా ఆగదు. దగ్గినా, నవ్వినా, గట్టుమీదికి ఎక్కినా మళ్లీ వస్తుంది. అందుకే రక్షణ అవసరం.

ఇక మైల సంగతి. మదురై జిల్లా కూవలాపురంలోనూ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలోనూ ముట్టయిన స్త్రీలు ఊరి చివర 'ముట్టుతురై' అనే గదిలో ఉండే ఆచారం ఉందని పత్రికలు రాశాయి. మన ఇళ్లలో అంత లేకపోయినా, బావి ముట్టుకోవద్దు, తొట్టి ముట్టుకోవద్దు అనే మాట ఉంది. ఒక్క విషయం మాత్రం చెప్పుకోవాలి. ముట్టు రక్తం మురికి కాదు. అది గర్భసంచి లోపలి పొర, మామూలు రక్తం కలిసినది. దానివల్ల నీళ్లు విషం కావు. తగిన రక్షణ పెట్టుకుంటే ఆ రక్తం నీళ్లలో కలవనే కలవదు.

ఆ రక్షణ ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది గుడ్డ. మన అవ్వల కాలంనుంచీ ఉన్నదే. శుభ్రంగా ఉతికి ఎండలో ఆరబెడితే ఇంట్లో వాడుకోవడానికి మంచిదే. ఈతకు మాత్రం పనికిరాదు. తడిసిన గుడ్డ రక్తాన్ని నిలపదు, పక్కకు జారిపోతుంది.

రెండవది ప్యాడ్. ఇప్పుడు ఇది పల్లెలకు కూడా చేరింది. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం తక్కువ ఖర్చుతో ప్యాడ్లు తయారుచేసే చిన్న యంత్రాన్ని రూపొందించారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తమిళనాడు ప్రభుత్వం 'పుదు యుగం' పథకం కింద ఆడపిల్లలకు ఉచితంగా ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులైలో ప్యాడ్ల మీద జి.ఎస్.టి. తీసేశారు. 2019 ఆగస్టులో జన ఔషధి దుకాణాల్లో 'సువిధ' ప్యాడ్ ధరను ఒక్క రూపాయికి తగ్గించారు. ఇవన్నీ సంతోషించవలసినవే. అయినా ప్యాడ్ పెట్టుకుని నీళ్లలో దిగకూడదు. దాని లోపల నీటిని పీల్చి ఉబ్బే పొడి ఉంటుంది. బావిలో దిగిన నిమిషంలోనే అది బావి నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఆ తరువాత రక్తానికి చోటుండదు, జిగురూ ఊడిపోతుంది. కుర్తాళం జలపాతం కింద నిలబడినా ఇదే జరుగుతుంది. నీళ్లలోకి ప్యాడ్‌తో వెళ్లి అవమానపడిన ఆడపిల్ల మళ్లీ ఈతకు రాదు. ఆ తప్పు ఈతది కాదు, ప్యాడ్‌దీ కాదు. నీళ్లకు తగని రక్షణను ఎంచుకోవడమే అసలు తప్పు.

మూడవది టాంపన్. చిటికెనవేలంత దూది చుట్ట, చివర దారం ఉంటుంది. లోపల పెట్టుకుంటే రక్తాన్ని అక్కడే పీల్చుకుంటుంది. ఈతకు బాగా పనికివస్తుంది. 2016లో రియో ఒలింపిక్స్‌లో చైనా ఈతగత్తె ఫు యువాన్‌హుయి, తనకు ముందురోజే నెలసరి వచ్చిందని అందరిముందూ చెప్పింది. నెలసరిలో నీళ్లలో ఎలా దిగిందని ఆమె దేశంలోనే చాలామంది ఆశ్చర్యపోయారు. అక్కడ టాంపన్ వాడేవారు తక్కువ. మనదగ్గర కూడా అంతే.

టాంపన్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో తప్పక మార్చాలి. ఎనిమిది గంటలు దాటనివ్వకూడదు. 1980లో అమెరికాలో ఎక్కువగా పీల్చే టాంపన్లు వాడిన కొందరు స్త్రీలు విషజ్వరం వంటి జబ్బుపడి చనిపోయారు. దాన్ని టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అంటారు. ఇది చాలా అరుదు. కానీ టాంపన్ ఉండగా అకస్మాత్తుగా జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం, ఒంటిమీద ఎర్రని దద్దు కనిపిస్తే, వెంటనే దాన్ని తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి. టాంపన్ పెట్టుకున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. ఈత అయిన తరువాత దారం తడిసిపోతుంది గనుక కొత్తది మార్చుకోవడం మంచిది.

నాలుగవది నెలసరి కప్పు. మెత్తని సిలికాన్‌తో చేసిన చిన్న గిన్నె. మడిచి లోపల పెట్టుకుంటే అక్కడ విచ్చుకుని రక్తాన్ని పట్టుకుంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు గంటల తరువాత తీసి, పారబోసి, కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. నెలనెలా ముట్టు అయ్యాక కొన్ని నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి ఆరబెట్టాలి. ఒకటి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. కనుమ దాటితే కేరళ. అక్కడ అలప్పుళలో 2019లో 'తింకళ్' పేరుతో ఐదు వేల కప్పులు పంచారు. ఎర్నాకుళం జిల్లా కుంబళంగి 2022 జనవరిలో న్యాప్‌కిన్ రహిత గ్రామంగా ప్రకటించబడింది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రిక 43 పరిశోధనలను కలిపి చూసి, కప్పు సురక్షితమనీ, కారడం విషయంలో ప్యాడ్, టాంపన్లకు తీసిపోదనీ ప్రచురించింది. మొదటి రెండు మూడు నెలలు అలవాటు కావడం కష్టంగా ఉండవచ్చు. ఆ అభ్యాసం ఇంట్లో చేయాలి, బావి గట్టున కాదు. కాపర్-టి వేయించుకున్నవారు ముందుగా డాక్టరును అడగాలి.

ఇక్కడ తల్లులకు ఒక సందేహం వస్తుంది. పెళ్లికాని పిల్ల లోపల పెట్టుకునేది వాడవచ్చా? వాడవచ్చు. కన్నెపొర అనేది మూసిన తలుపు కాదు, సాగే గుణమున్న అంచు. ముట్టు రక్తం వచ్చే దారి అందులో ముందే ఉంటుంది. అది సాగినంతమాత్రాన, కొంచెం చిరిగినంతమాత్రాన పిల్ల శీలానికి దానితో సంబంధం లేదు. చిన్న సైజుతో మొదలుపెట్టాలి. నొప్పి పుడితే బలవంతం చేయకూడదు. పిల్లకు ఇష్టం లేకపోతే ఆ రెండు రోజులూ ఈత మానుకున్నా నష్టం లేదు. నిర్ణయం పిల్లది కావాలి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటుంది. తీప్పెట్టి ఆఫీసులోనూ, టపాకాయల ఫ్యాక్టరీలోనూ పనిచేసే అక్కల చేతులకు మందుపొడి, అల్యూమినియం పొడి, గంధకం అంటుకుని ఉంటాయి. ఆ చేతులతో టాంపన్ గాని, కప్పు గాని తాకకూడదు. సబ్బుతో మోచేతులదాకా, గోళ్ల సందుల్లో కూడా కడుక్కుని, ఆ తరువాతే మార్చుకోవాలి. పనిచోట సబ్బు, నీళ్లు, గడియ ఉన్న మరుగుదొడ్డి అడగడానికి మొహమాటపడవద్దు.

ఎక్కడ ఈదాలన్నది కూడా ముఖ్యమే. క్లోరిన్ కలిపే ఈతకొలను మంచిది. శుభ్రమైన బావి, పంపుసెట్టు తొట్టి కూడా ఫరవాలేదు. పశువులు దిగే కణ్మాయి, పాచిపట్టిన నిలవనీరు ఎప్పుడూ వద్దు, ముట్టు ఉన్నా లేకపోయినా. గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తం పోతున్నా, నీరసంతో కళ్లు తిరుగుతున్నా, జ్వరం, దుర్వాసన ఉన్నా ఈత మాని డాక్టరుకు చూపించుకోవాలి. ఒంటరిగా బావిలో దిగవద్దు. ఈత అయ్యాక తడిబట్టలతో కూర్చోకుండా ఒళ్లు తుడుచుకుని పొడిబట్ట కట్టుకోవాలి. వాడిన ప్యాడ్, టాంపన్ కాగితంలో చుట్టి చెత్తకుండీలో వేయాలి. బావిలోకీ, మరుగుదొడ్డిలోకీ విసరవద్దు.

మీ గోడమీది క్యాలెండరు మన శివకాశిలో అచ్చయినదే అయివుంటుంది. అందులో ముట్టు వచ్చిన తేదీకి చిన్న చుక్క పెట్టమని అమ్మాయికి చెప్పండి. నాలుగు నెలల్లో తరువాతి తేదీ సుమారుగా తెలిసిపోతుంది. ఈత నేర్చుకునే సెలవుల్లో ఆ రోజులు వస్తే, ఏది వాడాలో ముందే సిద్ధం చేసుకోవచ్చు. బడికి, పనికి, బస్సు ప్రయాణానికి ప్యాడ్ చాలు. నీళ్లలో దిగాలంటే టాంపన్ గాని, కప్పు గాని ఉండాలి. రెండూ వద్దనుకుంటే ముట్టు తగ్గేదాకా ఆగి, ఆ మరునాడే మళ్లీ దిగాలి. ఆగిన ఆ కొద్దిరోజులు ఏళ్లుగా మారనివ్వకండి.