పసుల గుర్రం: పెంచేదెవరు, ఎక్కేదెవరు, లాభం ఎవరికి?

గుర్రమంటే మన పల్లెటూరి కూలివాడికి దొర గుర్తుకొస్తాడు. శిస్తు వసూలుకు వచ్చిన అధికారి గుర్రం మీద వచ్చాడు, జమీందారు గుర్రం మీద వచ్చాడు, లాఠీ పట్టిన పోలీసు గుర్రం మీద వచ్చాడు. నాగలికి ఎద్దు, బండికి ఎద్దు, మోటకు ఎద్దు. గుర్రం మాత్రం పైవాడి వాహనం. బస్తీలో జట్కా లాగిన గుర్రాన్నీ, దానితోపాటు ఎండిపోయిన జట్కావాణ్ణీ మినహాయిస్తే మన శ్రమలో గుర్రానికి పెద్దగా చోటు లేదనే చెప్పాలి.

అయితే రైతే గుర్రాన్ని ఈనించి, రైతే మచ్చిక చేసి, పసులు తోలడానికి వాడుకునే దేశాలున్నాయి. ఆస్ట్రేలియా వాటిలో ఒకటి. అక్కడి పసుల గుర్రాన్ని స్టాక్ హార్స్ అంటారు. ఎక్కడో సముద్రాల అవతలి గుర్రం గొడవ మనకెందుకు అంటారేమో. దాని తాతముత్తాతల్ని మన రైతు కట్టిన శిస్తు డబ్బుతో కొన్నారు. దాని మీద కూర్చుని మందలు తోలిన ఆదివాసి కూలీల కథ మన పాలేళ్ళ కథకు తోబుట్టువు. అందుకని.

పదకొండు నెలల చూడి, నాలుగేళ్ళ చాకిరీ

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో హంటర్ నది ఎగువ లోయలో స్కోన్ అనే చిన్న పట్నం ఉంది. ఈ గుర్రాల వంశావళి రాసిపెట్టే సంఘం 1971లో ఏర్పడింది. దాని కార్యాలయం ఈ ఊళ్ళోనే. చుట్టూ కొండవాలు గడ్డినేలల్లో పసులు మేపుకుంటూ, పనిలో పనిగా గుర్రాలు పెంచే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం, ఎదిగిన పిల్లలు, పని మీదపడ్డప్పుడు ఒకరిద్దరు కూలీలు, ఇదే బలగం.

ఆవు తొమ్మిది నెలలు మోస్తుంది, గేదె పది నెలలు. గుర్రం పదకొండు నెలలు మోస్తుంది, అదీ ఒక్క పిల్లనే. మనకు వానలు వెనక్కి తగ్గే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ వసంతం. అప్పుడే ఈతలు. ఎక్కువగా రాత్రివేళే ఈనుతుంది. ఇంటి ఆడవాళ్ళు, మగవాళ్ళు వంతులు వేసుకొని కాపలా కాస్తారు. పుట్టిన గంటకో రెండు గంటలకో పిల్ల లేచి నిలబడి పాలు తాగిందా సరే. లేకపోతే ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. అయిదారు నెలలకు పాలు మాన్పిస్తారు. ఆరేడు వారాలకోసారి డెక్కలు చెక్కాలి, పురుగుల మందు పట్టాలి. రెండు మూడేళ్ళు నిండాక గాని వీపు మీద జీను వెయ్యరు. తొందరపడి లేత వీపు మీద ఎక్కితే ఆ గుర్రం ఆరేళ్ళకే కుంటుతుంది. దాటు వేయించిన రోజు నుంచి లెక్కవేస్తే, అమ్మకానికి పనికొచ్చే గుర్రం తయారవడానికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ మేత పెట్టాల్సిందే. గుర్రం గుడ్డిదైనా దాణాకు గుడ్డిది కాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. వంద కిలోల బరువుకు రోజుకు రెండు కిలోల చొప్పున ఎండుమేత కావాలి. అంటే అయిదు వందల కిలోల గుర్రానికి రోజుకు పది కిలోలు. వాన తప్పిన ఏడు ఆ గడ్డి కొనాలి.

ఇది రేసు గుర్రంలా పొడుగుకాళ్ళ సుకుమారి కాదు. భుజం దగ్గర 4 అడుగుల 8 అంగుళాల నుంచి 5 అడుగుల 4 అంగుళాల ఎత్తు. గట్టి డెక్క, బలమైన నడుం వెనక భాగం, నెమ్మదైన బుద్ధి. కొండ దిగుతూ పరుగెత్తినా తూలదు. వీటన్నిటికన్నా ముఖ్యం, పసువు మనసు చదవడం వస్తుంది. మందలోంచి ఒక కోడెను విడదీయాలనుకోండి. రౌతు ఆ కోడె వైపు ఒకసారి చూపిస్తే చాలు, ఆ తర్వాత గుర్రమే దాని చెవి, దాని భుజం కనిపెట్టి, అది ఎటు తిరగబోతుందో అటు ముందే తిరుగుతుంది. కళ్ళెం లాగాల్సిన పని ఉండదు. ఈ తెలివి కొంత పుట్టుకతో వస్తుంది, మిగతాది నేర్పితే వస్తుంది. పుట్టుకతో వచ్చేదాన్ని తల్లి వంశం చూసి ఎంచుకోవాలి. నేర్పేదానికి ఓపిక కావాలి, పసుల మధ్య రోజులకు రోజులు తిప్పాలి. కొరడాతో వచ్చే విద్య కాదు.

ఒకే గుర్రం ఎన్ని పనులకు పనికొస్తే అంత మంచిది, ఎందుకంటే చిన్న కుటుంబం పనికొక గుర్రాన్ని పోషించలేదు. సోమవారం దూడలను తల్లుల నుంచి వేరుచేసిన గుర్రమే శనివారం ఇంటి పిల్లవాణ్ణి ఎక్కించుకొని పోటీకి పోతుంది. పోలోకు, దూరపు సవారీకి కూడా అదే. బడికి పిల్లలు గుర్రాల మీద వెళ్ళిన కాలంలో ఒక్కదాని మీద ముగ్గురు కూర్చునేవారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో 120 మంది రౌతులు ఈ గుర్రాల మీదే వచ్చారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది.

మద్రాసుకు వచ్చిన వేలర్

ఇంగ్లండు నుంచి ఖైదీలను మోసుకుపోయి 1788 జనవరిలో ఆస్ట్రేలియా చేరిన ఓడలు దారిలో ఆఫ్రికా కొసన కేప్ దగ్గర ఆగి కొన్ని గుర్రాలను ఎక్కించుకున్నాయి. ఆస్ట్రేలియా గడ్డ మీద కాలు పెట్టిన తొలి గుర్రాలవి. ఆ తర్వాత అరబ్బు, ఇంగ్లీషు రేసు జాతి, తిమోరు పొట్టి గుర్రం కలిశాయి. ఎండకూ కొండకూ తట్టుకోలేనిది చచ్చింది, తట్టుకున్నది మిగిలింది. న్యూ సౌత్ వేల్స్ పేరు మీద దాన్ని వేలర్ అన్నారు.

ఆ పేరు పెట్టింది మన దేశంలోని బ్రిటిష్ సైన్యమే. 19వ శతాబ్దంలో ఓడల నిండా వేలర్ గుర్రాలు కలకత్తాకు, మద్రాసుకు దిగాయి. 1857 తిరుగుబాటు తర్వాత గిరాకీ ఇంకా పెరిగింది. మద్రాసు సైన్యానికి గుర్రాలు సిద్ధం చేసే డిపో హోసూరులో ఉండేది. మన తెలుగువాళ్ళు నేటికీ పెద్దసంఖ్యలో ఉన్న ఊరది. ఆ డిపో తర్వాత పశువుల ఫారంగా మారింది. ఈ గుర్రాల ధర ఎవరిచ్చారు? లండన్ దొరలు కాదు. భారతదేశపు సైన్యం ఖర్చు భారతదేశపు రెవిన్యూ నుంచే పోయింది. అంటే గోదావరి, కడప, బళ్ళారి రైతు కట్టిన శిస్తు ఓడెక్కి పోయి, మళ్ళీ ఆ రైతు నెత్తిన స్వారీ చేసేందుకు గుర్రంగా తిరిగొచ్చింది. హంటర్ లోయ రైతుకు ముట్టింది మాత్రం దళారి తీసుకోగా మిగిలింది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1,36,000 వేలర్ గుర్రాలను ఆస్ట్రేలియా, బ్రిటన్, భారత ప్రభుత్వాల సైన్యాల కోసం సముద్రం దాటించారు. 1917 అక్టోబరు 31న పాలస్తీనాలో బేర్‌షెబా మీద దాడి చేసింది ఈ గుర్రాల మీదే. అదే రంగంలో హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లు కూడా నెత్తురోడ్చారు. యుద్ధం అయిపోయాక అన్ని గుర్రాల్లోనూ ఇల్లు చేరింది ఒకే ఒక్కటి, శాండీ అనే ఒక సేనాని గుర్రం. క్వారంటైన్ అన్నారు, ఓడల ఖర్చన్నారు. మిగిలిన 13,000లో 11,000 గుర్రాలను అమ్మేశారు. వాటిలో ఎక్కువ భాగం భారతదేశంలోని బ్రిటిష్ సైన్యానికే చేరాయి. ముసలివీ, జబ్బువీ 2,000 గుర్రాలను కాల్చి చంపారు. సేనాని గుర్రానికి ఓడలో చోటు దొరికింది, చూడండి.

జీను దిగిన రోజు

గుర్రం పెంచిన కుటుంబం సంగతి చెప్పుకున్నాం. ఉత్తరాన పెద్ద పెద్ద పశువుల స్టేషన్లలో ఆ గుర్రం ఎక్కి పనిచేసిందెవరు? ఆదివాసులు. ఒక్కో స్టేషను మన జిల్లా అంత ఉంటుంది. ఆ నేల వాళ్ళదే. తెల్లవాడొచ్చి ఆక్రమించాక అదే నేల మీద వాళ్ళు పసులకాపరులయ్యారు. రౌతుతనంలో వాళ్ళకు సాటి లేరని యజమానులే ఒప్పుకున్నారు. జీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం గోధుమపిండి, తేయాకు, చక్కెర, ఉప్పుమాంసం, కాస్త పొగాకు. నివాసం రేకుల గుడిసె. మన పాలేరుకు గింజలు కొలిచినట్టే. మన దేశంలో వెట్టిని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో. అక్కడి తెల్లదొరల నాగరికత మన దొరతనం కన్నా గొప్పదేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

1946 మే 1న పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో 800 మంది ఆదివాసి కూలీలు స్టేషన్లు వదిలి బయటకు నడిచారు. మేడే అని తెలిసే ఆ రోజు ఎంచుకున్నారు. మూడేళ్ళు నిలిచిన సమ్మె అది.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1966 ఆగస్టు 23న, ఉత్తర ప్రాంతంలోని వేవ్ హిల్ స్టేషనులో గురిండ్జి జాతివారు దాదాపు రెండు వందల మంది పని వదిలేశారు. రౌతులు, ఇంటిపని చేసే ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ. నాయకుడు విన్సెంట్ లింగియారి, ఆయన కూడా పసుల రౌతే. ఆ స్టేషను బ్రిటన్‌కు చెందిన వెస్టీ కంపెనీది. పశువులు వాళ్ళవే, మాంసం మోసే ఓడలు వాళ్ళవే, కోసి అమ్మే కొట్లు వాళ్ళవే. ఆ ఏడాది మార్చిలోనే ఆదివాసి కూలీలకు సమాన వేతనం ఇవ్వాలని తీర్పు వచ్చింది. కాని అమలు 1968 డిసెంబరుకు వాయిదా వేశారు. యజమానులకు ఇబ్బంది కలగకూడదట! యూనియన్ తోడు నిలిచింది, కమ్యూనిస్టు రచయిత ఫ్రాంక్ హార్డీ వాళ్ళ మాట దేశానికి వినిపించాడు. కూలి పెంచండి అని బయల్దేరిన సమ్మె మరుసటి ఏటికి మా భూమి మాకివ్వండి అనే దాకా వచ్చింది. వాళ్ళు వాటీ క్రీక్ దగ్గర గుడిసెలు వేసుకుని కదలలేదు. 1975 ఆగస్టు 16న ప్రధానమంత్రి విట్లం స్వయంగా వచ్చి లింగియారి అరచేతిలో పిడికెడు మట్టి పోశాడు. దాంతోపాటు మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా భూమికి లీజు పత్రం ఇచ్చాడు. మరుసటేడు ఉత్తర ప్రాంతానికి ఆదివాసి భూహక్కుల చట్టం వచ్చింది.

ఇందులో మెలిక కూడా చెప్పుకోవాలి. సమాన వేతనం అమలయ్యాక చాలా స్టేషన్ల యజమానులు ఆదివాసి కుటుంబాలను వెళ్ళగొట్టారు. వాళ్ళ స్థానంలో హెలికాప్టర్లు, మోటారు సైకిళ్ళు తెచ్చారు. కూలి ఇవ్వాల్సొచ్చేసరికి యంత్రం చవకైంది. మన దగ్గర కోత మిషను దిగినప్పుడు జరిగిందీ అదే కదా. రౌతుకు పని పోయింది, రౌతుతోపాటు గుర్రానికీ గిరాకీ తగ్గింది. అలా ఆ దెబ్బ తిరిగి దక్షిణాన హంటర్ లోయలో గుర్రాలు పెంచే కుటుంబానికి తగిలింది.

ఆ కుటుంబం నిలదొక్కుకుంది ఎక్కువగా క్యాంప్‌డ్రాఫ్ట్ అనే పోటీ మీద. మన తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు ఎలాగో అక్కడ ఇది అలాగ. మందలోంచి ఒక కోడెను విడదీసి, గుంజల చుట్టూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పి, ద్వారం గుండా దాటించాలి. వంద మార్కుల్లో కోడెను విడదీసినందుకు 26, గుర్రం పనితనానికి 70, దారి పూర్తిచేసినందుకు 4. రౌతు వేషానికి మార్కులు లేవు! ఇందులో నెగ్గిన గుర్రం తల్లికి, తోబుట్టువులకు ధర పలుకుతుంది. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణకు అనుమతి ఉంది కాబట్టి చిన్న రైతు కూడా దూరాన ఉన్న మేలు మగగుర్రం వీర్యం తెప్పించుకోగలడు. రేసు గుర్రాల్లో అది నిషేధం. అక్కడ మగగుర్రం ఉన్నవాడిదే రాజ్యం.

రేసుగుర్రాల సంగతి వచ్చింది కాబట్టి 2007 మాట చెప్పాలి. ఆ ఆగస్టులో జపాన్ నుంచి తెచ్చిన రేసు జాతి మగగుర్రాలు సిడ్నీ దగ్గర క్వారంటైన్‌లో ఉండగా గుర్రపు ఫ్లూ బయటపడింది. ఆ దేశంలో అంతవరకూ లేని జబ్బు. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లో వేలాది గుర్రాల దొడ్లకు అంటుకుంది. గుర్రాలను కదపరాదని ఆంక్ష పెట్టారు. వసంతకాలం పోటీలు ఆగాయి, అమ్మకాలు ఆగాయి. క్వారంటైన్ కాపలాలో లోపాలున్నాయనీ, మనిషి వెంటో సామాను వెంటో జబ్బు బయటకు వచ్చి ఉండవచ్చనీ మాజీ న్యాయమూర్తి కల్లినన్ విచారణలో తేలింది. కోట్ల డాలర్ల గుర్రాలవాళ్ళ వ్యాపారానికి పసులు కాసుకునేవాడు జరిమానా కట్టినట్టయింది.

లోయలో ఇప్పుడు ఒకవైపు ఆ పెద్ద రేసు ఫారాలు. వాటిలో ఒక పేరుమోసినదాన్ని 2008లో దుబాయి పాలకుడు కొన్నాడు. ఇంకోవైపు ఆకాశమంత గోతులతో బొగ్గు గనులు. మధ్యలో ఈ కుటుంబం. ఆ నేల కూడా ఒకనాడు వొన్నరువా అనే ఆదివాసి జాతిది. ఈ మాట మరిచి ఆ రైతుపై జాలి పడితే సగం న్యాయమే అవుతుంది. 2017 నుంచి 2019 దాకా కరువు పట్టింది. ఎండుగడ్డి వందల మైళ్ళ నుంచి లారీల్లో తెప్పించుకున్నారు. కొందరు మంచి ఆడగుర్రాలనే వదిలించుకున్నారు. తరాల ఎంపిక అలా ఒక్క ఎండాకాలంలో పోయింది. ఒంగోలు గిత్తను కన్నబిడ్డలా పెంచిన మన రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. దాని సంతతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో దేశం నిండా మేస్తున్నది, ఆ లాభం మాత్రం మన రైతు గడప తొక్కలేదు.

గుర్రాల రాబడి ఒక్కటే ఇల్లు నడపదు కాబట్టి ఇలాంటి ఇళ్ళల్లో ఒకరు బయట పనికి పోవడం మామూలైంది. కొందరికి ఆ పని దొరికేది పక్కనున్న గనిలోనే. సెప్టెంబరు వచ్చిందంటే పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చిన మనిషి, బొగ్గు దుమ్ము కడుక్కుని, టార్చిలైటు తీసుకుని చూడి గుర్రం దగ్గరికి పోతాడు. పొదుగు మొనల మీద మైనంలాంటి చుక్క కనబడిందంటే ఇక ఆ రాత్రి పడుకునేది లేదు.